బండ్లన్నీ కరెంటుకు మారితే కరెంటు సరిపోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ బండ్ల మాట ఎక్కడ వచ్చినా చివరికి చర్చ ఒక్కచోటే ఆగుతుంది: "అందరూ ఇవే కొంటే ఇంత కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారు?" వేసవిలో సాయంత్రం కరెంటు పోయిన అనుభవం ఉన్న ఎవరికైనా రావాల్సిన అనుమానమే. లెక్కలతో సహా జవాబులు కింద ఉన్నాయి. లెక్కలన్నీ ఉజ్జాయింపువే, కానీ ఎలా వేశామో చెప్పాం కాబట్టి మీరూ కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

దేశంలో స్కూటరు నుంచి లారీ దాకా అన్నీ కరెంటుకు మారితే అదనంగా ఎంత కావాలి?

ఏడాదికి దాదాపు 400 బిలియన్ యూనిట్లు. బిలియన్ అంటే వంద కోట్లు. 2024-25లో దేశంలో తయారైన కరెంటు దాదాపు 1,830 బిలియన్ యూనిట్లు. లైన్లలో పోయే నష్టం 15 శాతం అనుకుంటే, బండ్ల దాకా 400 చేరాలంటే ప్లాంట్ల దగ్గర 470 తయారుచేయాలి. ఇప్పుడు తయారవుతున్నదానికి ఇంకో నాలుగో వంతు కలపాలన్నమాట.

ఈ 400 ఎలా వచ్చింది?

మనం ఏటా తాగించే పెట్రోలు, డీజిలు నుంచి.

2024-25లో దేశం వాడిన పెట్రోలు దాదాపు 4 కోట్ల టన్నులు. కేంద్ర పెట్రోలియం శాఖ కోసం నీల్సన్ సంస్థ చేసి 2014లో బయటపెట్టిన సర్వే ప్రకారం అందులో 60 శాతానికి పైగా టూవీలర్లే తాగుతాయి. 60 శాతమనే వేసుకుంటే సుమారు 3,200 కోట్ల లీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు వేసుకుంటే లక్షా 44 వేల కోట్ల కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ స్కూటరుకు చార్జర్లో పోయేదాంతో కలిపి వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు అవుతాయి. మొత్తం 50 బిలియన్ యూనిట్లు.

మిగతా పెట్రోలు ఎక్కువగా కార్లది. లీటరుకు 15 కిలోమీటర్లు, కరెంటు కారుకు వంద కిలోమీటర్లకు 16 యూనిట్లు అనుకుంటే అదీ దాదాపు 50 బిలియన్లే.

ఇక డీజిలు. ఏటా 9 కోట్ల టన్నులు దాటుతోంది. అదే సర్వే ప్రకారం రవాణాకు పోయేది 70 శాతం, మిగతాది ట్రాక్టర్లు, జనరేటర్లు, ఫ్యాక్టరీలు వగైరా. ఆ తర్వాత రైల్వేలు డీజిలును చాలావరకు వదిలేశాయి కాబట్టి రోడ్డు వాటా ఇంకొంచెం పెరిగి ఉండొచ్చు. 70 శాతం అంటే సుమారు 7,700 కోట్ల లీటర్లు. లారీలో లీటరు డీజిలు చేసే పనికి నాలుగు నుంచి ఐదు యూనిట్ల కరెంటు కావాలి. డీజిల్ కారులో అయితే రెండున్నర చాలు. అన్నీ కలిపి సగటు నాలుగుకు కాస్త తక్కువ. అలా 300 బిలియన్ యూనిట్లు.

50, 50, 300. మొత్తం 400. సీఎన్‌జీ ఆటోలు, బస్సులు ఈ లెక్కలో లేవు. వాటివల్ల మొత్తం పెద్దగా మారదు.

ఇందులో ఒక సంగతి చూశారా? రిజిస్టరైన బండ్లలో నాలుగింట మూడొంతులు టూవీలర్లే, కానీ అదనపు కరెంటులో వాటి వాటా ఎనిమిదో వంతే. పేపర్లో వచ్చే ఎలక్ట్రిక్ స్కూటర్ల అమ్మకాల లెక్క చూసి గ్రిడ్ (కరెంటు ప్లాంట్లు, లైన్లు అన్నీ కలిసిన వ్యవస్థ) గురించి టెన్షన్ పడేవాళ్లు పడాల్సింది లారీల గురించి.

పెట్రోలు, డీజిళ్లలో అంత శక్తి ఉంటే కరెంటు ఇంత తక్కువ ఎలా సరిపోతుంది?

లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. స్కూటరు ఇంజన్ అందులో నాలుగైదో వంతు మాత్రమే చక్రానికి ఇస్తుంది, మిగతాదంతా సైలెన్సరు నుంచి, ఇంజన్ నుంచి వేడిగా పోతుంది. కరెంటు మోటారు గోడ సాకెట్ నుంచి తీసుకున్నదాంట్లో నాలుగింట మూడొంతులకు పైగా చక్రానికి చేరుస్తుంది. డీజిల్ లారీ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కన్నా చాలా పొదుపరి, అందుకే లారీని కరెంటుకు మార్చినప్పుడు అంత మిగులు కనబడదు.

ఒకేసారి నాలుగో వంతు పెంచాలంటే సాధ్యమా?

ఒకేసారి అవసరమే రాదు. దేశంలో ఏటా కొత్తగా రిజిస్టరయ్యే బండ్లలో 2024-25లో కరెంటువి ఏడున్నర శాతం దాకా ఉన్నాయి. రేపటి నుంచి ఒక్క పెట్రోలు బండి కూడా అమ్మకూడదని రూలు పెట్టినా, రోడ్డు మీదున్న పాతవి అరిగిపోయి పక్కకు పోవడానికి పదిహేనేళ్లు పడుతుంది.

ఈలోగా దేశం ఏం చేయగలదో పాత లెక్కే చెబుతుంది. 2014-15లో మన ఉత్పత్తి 1,110 బిలియన్ యూనిట్లు. పదేళ్లలో 1,830కి వచ్చింది. అంటే 720 బిలియన్లు కలిపాం, అదీ బండ్ల కోసం కాదు, ఏసీలకు, ఫ్యాక్టరీలకు, మోటార్లకు, కొత్త కనెక్షన్లకు. బండ్లన్నిటికీ కావాల్సింది 470. కాబట్టి "అంత కరెంటు తయారుచేయలేం" అనే వాదన నాకు నిలబడేలా కనిపించదు.

అయితే ఇబ్బంది లేనట్టేనా?

ఉంది. మొత్తం యూనిట్లలో కాకుండా టైములో ఉంది.

పెళ్లి భోజనాలు గుర్తు చేసుకోండి. వెయ్యి మందికి వండారు, వెయ్యి మందే వచ్చారు, లోటేమీ లేదు. కానీ వెయ్యి మందీ మొదటి బంతికే కూర్చుంటామంటే విస్తళ్లు, బల్లలు, వడ్డించేవాళ్లు చాలరు.

ఏడాదికి 400 బిలియన్ అంటే రోజుకు 110 కోట్ల యూనిట్లు. ఒక కిలోవాటు లోడు గంటసేపు నడిస్తే ఒక యూనిట్, వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు. దీన్ని 24 గంటలకూ సమానంగా పరిస్తే పడే లోడు 46 వేల మెగావాట్లు. ఎనిమిది గంటల్లో చార్జ్ చేస్తే లక్షా 37 వేలు. అందరూ ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఏడుకు ప్లగ్ పెట్టి పదకొండుకు తీస్తే 2 లక్షల 74 వేల మెగావాట్లు. 2024 మే 30న దేశం మొత్తం కలిపి లాగిన రికార్డు లోడే 2 లక్షల 50 వేల మెగావాట్లు. నాలుగు గంటల కోసం ఇంకో దేశమంత గ్రిడ్ కట్టాలన్నమాట. అదే కరెంటు, అవే బండ్లు, ప్లగ్ పెట్టే వేళ ఒక్కటే తేడా.

నిజానికి అందరూ ఒకే గంటలో పెట్టరు, రోజూ పెట్టరు కూడా. 150 కిలోమీటర్లు వచ్చే స్కూటరును రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాళ్లు మూడు నాలుగు రోజులకోసారి చార్జ్ చేసినా సరిపోతుంది. అయినా అలవాటు కొద్దీ ఇంటికి రాగానే ఫోన్ పెట్టినట్టు బండికీ పెట్టేస్తాం. సూర్యుడు దిగిపోయి సోలార్ సున్నాకు వచ్చే వేళ, ఏసీలు మొదలయ్యే వేళ, వంటింట్లో మిక్సీ తిరిగే వేళ కూడా సరిగ్గా అదే.

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా?

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. దేశంలో మిగులు కరెంటు ఉన్నా, మీ వీధి చివర దిమ్మె మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మరు చాలకపోతే మీకు చీకటే.

కాలనీల్లో తరచూ కనబడే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరును తీసుకోండి. దాని నుంచి వాడుకోగలిగేది 90 కిలోవాట్లు అనుకుందాం. ఇంట్లో పెట్టుకునే కారు చార్జరు పెద్దది 7.4 కిలోవాట్లు. పన్నెండు కార్లు ఒకేసారి పెడితే ట్రాన్స్‌ఫార్మరు నిండిపోయింది, ఇక ఒక్క ఫ్యానుకు కూడా చోటు లేదు. స్కూటరు చార్జర్లు కిలోవాటుకు కాస్త అటూ ఇటూ ఉంటాయి, కాబట్టి అదే చోట తొంభై స్కూటర్లు పడతాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. ఒక కారు చార్జరు అయిదు ఏసీలతో సమానమని గుర్తుపెట్టుకుంటే చాలు.

లోడు మించిన వెంటనే ట్రాన్స్‌ఫార్మరు పేలిపోదు. ముందు ఫ్యూజు కొడుతుంది, లైన్‌మన్ వచ్చి వేస్తాడు, గంటకు మళ్లీ కొడుతుంది. మూడోసారి లావు తీగ వేసి వెళ్లిపోతాడు. అక్కణ్ణుంచి లోపల నూనె బాగా వేడెక్కి, చుట్లకున్న కాగితం పొర పెళుసెక్కడం మొదలవుతుంది. ఇదివరకు రాత్రి పదకొండు దాటాక లోడు తగ్గి అది చల్లబడేది. ఇప్పుడు ఏసీలు తెల్లార్లూ నడుస్తున్నాయి, వాటి మీద కార్లు కూడా రాత్రంతా చార్జయితే చల్లబడే టైమే ఉండదు. ఇరవై ముప్పై ఏళ్లు రావాల్సింది ముందే పోతుంది. డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు, బండ్లతో వచ్చే పెద్ద ఖర్చుల్లో ఇదొకటి. కొత్త పవర్ ప్లాంటు గురించి అసెంబ్లీలో మాట్లాడతారు, వీధి ట్రాన్స్‌ఫార్మర్ గురించి మాట్లాడేది అది కాలిపోయిన రోజే.

7.4 కిలోవాట్ల చార్జరు నిజంగా అవసరమా?

చాలామందికి అక్కర్లేదు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు. 3.3 కిలోవాట్ల చిన్న చార్జరుతో రెండు గంటల పని. కారుతోపాటు ఉచితంగా ఇస్తున్నారని పెద్దది బిగించుకుంటారు, దాంతో శాంక్షన్ లోడు (మీ కనెక్షన్‌కు డిస్కం ఒప్పుకున్న లోడు) పెంచుకోవాలి, త్రీ ఫేజ్ కావాలి, ఆ వీధికే ఇబ్బంది. రోజూ వంద, రెండు వందల కిలోమీటర్లు తిరిగే క్యాబులవాళ్లకైతే వేరు సంగతి.

మామూలు పవర్ ప్లగ్‌కు పెడితే ప్రమాదమా?

సాకెట్, వైరు మంచివైతే ఫర్వాలేదు. 3.3 కిలోవాట్లంటే 14 ఆంప్స్ పైన కరెంటు పారుతుంది. గీజరు కూడా దగ్గర దగ్గర అంతే లాగుతుంది, కానీ దాన్ని పావుగంటలో ఆపేస్తాం. బ్యాటరీ బాగా ఖాళీ అయిన కారు ఏడెనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. గీజరుకు ఏళ్ల తరబడి బాగానే పనిచేసిన సాకెట్టే కారుకు పెట్టిన వారంలో గోధుమరంగు తిరుగుతుంది. చార్జింగ్ మొదలుపెట్టిన గంటకు ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ వదులైందనో, వైరు సన్నగా ఉందనో అర్థం. ఎర్తింగ్ తప్పనిసరి. రెండో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసి కింద స్కూటరుకు పెట్టడం మాత్రం వద్దు, వాన చినుకు పడితే చాలు.

తెలంగాణలో మాకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. స్కూటరు కొంటే పోతుందా?

పోయే అవకాశం ఉంది. రోజుకు 40 కిలోమీటర్లు నడిపితే నెలకు 1,200 కిలోమీటర్లు, అంటే 42 యూనిట్లు. ఇప్పటికే 150 వాడుతున్న ఇల్లు 192 దగ్గర ఆగుతుంది, జీరో బిల్లు అలాగే ఉంటుంది. 170 వాడే ఇల్లు 212కు చేరుతుంది. జీరో బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకంలో 200 దాటిన నెల పైనున్న 12 యూనిట్లకే కాకుండా మొత్తానికీ బిల్లు కట్టాలి. ఇప్పుడున్న స్లాబులతో అది 1,100 రూపాయల పైమాటే.

అయినా లాభమే. అదే 1,200 కిలోమీటర్లకు పెట్రోలు 26, 27 లీటర్లు, లీటరు వంద దాటిన రోజుల్లో 2,700 రూపాయలకు తక్కువ కాదు. స్కూటరును వారంలో రెండు మూడు రోజులు ఆఫీసు దగ్గరో, షాపు దగ్గరో చార్జ్ చేసుకునే వీలుంటే ఆ 12 యూనిట్లూ తప్పించుకోవచ్చు. బండికి వేరే కనెక్షన్, వేరే మీటరు తీసుకోవచ్చని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒక్క స్కూటరు కోసం అంత తిరుగుడు ఎవరూ పెట్టుకోరు, కారుకైతే ఆలోచించాల్సిందే.

పగలు చార్జ్ చేస్తే చవకంటున్నారు, నిజమా?

విధానం ఆ వైపే నడుస్తోంది. చార్జింగ్ స్టేషన్లకిచ్చే కరెంటును ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చులో 70 శాతానికి, మిగతా వేళల్లో 130 శాతానికి ఇవ్వాలని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో పెట్టింది. అమలు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ల చేతుల్లో ఉంది. వేళను బట్టి రేటు మారాలంటే మీటరుకు వేళ తెలియాలి కాబట్టి ఇళ్ల విషయంలో స్మార్ట్ మీటర్లు రావాలి.

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం కరెంటు ఎక్కువై కొన్నిచోట్ల సోలార్ ప్లాంట్లను కాసేపు తగ్గించమంటున్నారు. అదే మధ్యాహ్నం ఆఫీసుల పార్కింగుల్లో లక్షల బండ్లు ఊరికే నిలబడి ఉంటాయి. ఐటీ కంపెనీ సెల్లార్లో పది ఫాస్ట్ చార్జర్లు పెట్టి ఫోటోలు దిగేకంటే, రెండు వందల మామూలు 15 ఆంప్స్ సాకెట్లు పెడితే గ్రిడ్‌కూ మేలు, ఉద్యోగులకూ మేలు.

మన రెండు రాష్ట్రాల పరిస్థితి ఏమిటి?

తెలంగాణలో లోడు పండుగలా వచ్చేది యాసంగి వరికి నీళ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు ఇస్తున్నారు. అంటే మన దగ్గర పగటి సోలార్‌కు ఇప్పటికే ఒక పెద్ద వాటాదారు ఉన్నాడు: బోరు మోటారు. బండ్లు పగటికి వచ్చినా యాసంగి రెండు నెలలు ఇద్దరూ ఒకే కరెంటు కోసం పోటీ పడతారు. వానాకాలం మధ్యలో, కోతలయ్యాక మాత్రం బోలెడు మిగులుతుంది. కొత్త బండ్ల విషయానికొస్తే, తెలంగాణ 2024 నవంబరు విధానంలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబరు 31 దాకా మినహాయించింది. హైదరాబాద్ రోడ్ల మీద ఆకుపచ్చ నంబరు ప్లేట్లు పెరగడానికి అదొక కారణం.

రాత్రి సోలార్ ఉండదు కదా, మరి రాత్రి చార్జింగ్?

రాత్రికి బొగ్గు, నీళ్లు, గాలి, కొంత అణువిద్యుత్తు ఉన్నాయి. పగటి కరెంటును రాత్రికి దాచే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఆరు 150 మెగావాట్ల టర్బైన్లు, నాగార్జునసాగర్లో ఏడు 100 మెగావాట్ల పైచిలుకు టర్బైన్లు వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కిందికి వదిలిన నీళ్లను మళ్లీ పైకి తోడి, అవసరమైనప్పుడు ఆ నీళ్లతోనే కరెంటు తీస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇదే పనికి ప్రత్యేకంగా 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కట్టారు. తోడటానికి నాలుగు యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేది మూడు. ఆ నష్టం వద్దనుకుంటే పగలే చార్జ్ చేసుకోవడం మేలు.

లారీలు, బస్సుల మాటేమిటి?

ఇక్కడ కాస్త ఆగాలి, అదనపు కరెంటులో ఎక్కువ భాగం వీటిదే కాబట్టి.

ఆర్టీసీ డిపో ఒకటి తీసుకుందాం. సిటీ బస్సు రోజుకు 200 కిలోమీటర్లు తిరుగుతుంది, కిలోమీటరుకు 1.2 యూనిట్లు, అంటే బస్సుకు 240. వంద బస్సుల డిపోకు రాత్రికి 24 వేల యూనిట్లు. చివరి ట్రిప్పు అయ్యి బస్సు లోపలికొచ్చి, కడిగి, తెల్లవారుజామున మళ్లీ బయటికెళ్లేలోగా ఉండేది ఆరు గంటలు. కాబట్టి ఆ డిపో ఒక్కటే 4 మెగావాట్లు లాగుతుంది. వీధి లైనుతో అయ్యే పని కాదు, సబ్‌స్టేషన్ నుంచి విడిగా లైను వేయాలి. బస్సులు వచ్చినా లైను రాక డిపోలో నిలబడితే ఉపయోగం లేదు కాబట్టి టెండరు బస్సులకు పిలిచేటప్పుడే లైనుకు కూడా పని మొదలుపెట్టాలి. కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. పై లెక్కన ఇవి ఇరవై డిపోలు, 80 మెగావాట్లు. నగరం మొత్తం లోడులో ఇది చిన్నదే, కానీ పడేది ఇరవై చోట్లే.

లారీలు ఇంకా కష్టం. విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గర ఒక చార్జింగ్ స్టేషన్ ఊహించుకోండి. డ్రైవరు భోజనం చేసి కాసేపు నడుం వాల్చే టైములో లారీకి సరిపడా ఎక్కాలంటే ఒక్కో దానికి 240 కిలోవాట్ల చార్జరు కావాలి. ఇరవై లారీలంటే 4.8 మెగావాట్లు. మన మండలాల్లో కనబడే 33/11 కేవీ సబ్‌స్టేషన్లో తరచూ ఉండే పవర్ ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం 5 ఎంవీఏ, అంటే 5 మెగావాట్లకు కాస్త లోపే. చుట్టుపక్కల పది ఊళ్లకు సరిపోయే సబ్‌స్టేషన్ ఒక్క ధాబాకు కావాలి. అందుకని హైవేల మీద పెద్ద లైన్లు పోయే చోట చూసుకుని స్టేషన్లు పెట్టాలి తప్ప, స్థలం చవకగా దొరికిన చోట పెట్టి లైను కోసం అర్జీ పెట్టుకోకూడదు. బ్యాటరీ మార్చుకునే పద్ధతి లారీలకు బాగా పనికొస్తుంది. దించిన బ్యాటరీని తీరిగ్గా, మధ్యాహ్నం ఎండలో చార్జ్ చేసుకోవచ్చు.

తిరుమల కొండ దిగే బస్సు కరెంటు తయారుచేస్తుందట, నిజమేనా?

నిజమే. తిరుమలకు ఎలక్ట్రిక్ బస్సులు 2022లో మొదలయ్యాయి. తిరుపతి కన్నా తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. జనంతో కలిపి 13 టన్నుల బస్సును అంత ఎత్తుకు లేపడానికే సుమారు 25 యూనిట్లు కావాలి, టైర్ల రాపిడి, ఏసీ అదనం. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి బ్రేకు పని చేస్తుంది, ఆ 25లో సగం దాకా బ్యాటరీలోకి తిరిగి రావచ్చు. డీజిల్ బస్సులో అదంతా బ్రేకులు కాలిన వాసనగా పోయేది. ఘాట్ రోడ్డులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లందరికీ ఆ వాసన తెలుసు. అయితే పైకి పోవడానికి పెట్టినదాంట్లో కొంతే వెనక్కి వస్తుంది కాబట్టి "చార్జింగ్ లేకుండా తిరుగుతుంది" అనే ప్రచారం మాత్రం నమ్మకండి.

కరెంటు బొగ్గుతోనే కదా వచ్చేది? పొగ ఇక్కడ మానేసి రామగుండంలో వదిలినట్టు కాదా?

కొంతవరకు మీ మాట కరెక్టే, అదీ బండిని బట్టి.

2023-24లో మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 0.73 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. స్కూటరు కిలోమీటరుకు 0.035 యూనిట్లు వాడితే 26 గ్రాములు. అదే పెట్రోలు స్కూటరైతే లీటరుకు 2.3 కిలోలు, 45 కిలోమీటర్లు, అంటే 51 గ్రాములు. బొగ్గే ఎక్కువున్న ఈ కరెంటుతో నడిచినా సగమే.

లారీ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. లీటరు డీజిలు కాలిస్తే 2.7 కిలోలు. ఆ పనికి నాలుగున్నర యూనిట్లు పెడితే 3.3 కిలోలు. ఇవాళ్టి గ్రిడ్ మీద బరువు లారీని కరెంటుకు మారిస్తే కార్బన్ తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. ఊళ్లలో పొగ, చప్పుడు తగ్గుతాయి, విదేశీ చమురు బిల్లు తగ్గుతుంది, అవి మామూలు లాభాలు కావు. కానీ వాతావరణం పేరుతో లారీలను మార్చాలంటే వాటికి సోలార్ వేళలో చార్జింగ్ ఇవ్వాలి, లేదా గ్రిడ్‌లో బొగ్గు వాటా తగ్గేదాకా ఆగాలి. స్కూటర్లు, ఆటోలు ముందు, లారీలు తర్వాత అనే వరసే సరైనదని నా ఉద్దేశం.

ఈ కరెంటంతా సోలార్ నుంచే తేవాలంటే ఎంత నేల కావాలి?

మెగావాటు సోలార్ ఏడాదికి 17 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే 470 బిలియన్లకు 2 లక్షల 75 వేల మెగావాట్లు కావాలి. మెగావాటుకు నాలుగున్నర ఎకరాల చొప్పున పన్నెండు లక్షల ఎకరాలు దాటుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా విస్తీర్ణంలో నాలుగో వంతు. దేశమంతా పరిస్తే పెద్దది కాదు, ఒక్కచోటే పెడతామంటే ఆ చోటివాళ్లకు చాలా పెద్దది. ఇళ్ల కప్పులు, కాలువ గట్లు ఎంత వాడుకుంటే అంత పొలం మిగులుతుంది.

"లీటరు పెట్రోలు శుద్ధి చేయడానికే ఆరు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది, దాంతోనే బండి నడుస్తుంది" అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

అబద్ధం. పరీక్షించడం కూడా తేలికే. మనం వాడే పెట్రోలు 5,400 కోట్ల లీటర్లు. ఆరుతో గుణిస్తే 324 బిలియన్ యూనిట్లు, దేశం తయారుచేసే కరెంటులో ఆరో వంతు దాటుతుంది. డీజిలు కలిపితే ఇంకా ఎక్కువ. రిఫైనరీలు అంత కరెంటు వాడటం లేదు. శుద్ధికి శక్తి ఖర్చయ్యేది నిజమే, కానీ అది ఎక్కువగా అక్కడే గ్యాసు, నూనె మండించి తీసే వేడి.

నార్వేలో అందరూ కరెంటు కార్లే కొంటున్నారు, అక్కడ గ్రిడ్ బాగానే ఉందిగా?

బాగానే ఉంది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం కరెంటువే. కానీ వాళ్లు చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకునేదే కరెంటుతో. అందుకని ఇంటింటికీ లావు వైర్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ముందు నుంచే ఉన్నాయి, కరెంటు చాలావరకు నీటి నుంచి వస్తుంది. ఒక బల్బు, ఒక ఫ్యాను లెక్కన వేసిన మన వీధి లైన్లతో పోల్చి ధైర్యం తెచ్చుకోవడం కుదరదు.

బండి బ్యాటరీ నుంచి ఇంటికి కరెంటు తీసుకోవచ్చా?

సాంకేతికంగా వచ్చేసింది. కొన్ని కార్లలో కెటిల్, ల్యాప్‌టాప్ లాంటివి నడిపే సాకెట్ ఉంది. గ్రిడ్‌కు తిరిగి అమ్మడం మాత్రం మన దగ్గర ఇంకా ప్రయోగాల దశే.

ఇంట్లో చార్జరు పెట్టించే ముందు ఏం చూసుకోవాలి?

ముందు కరెంటు బిల్లు తీసి శాంక్షన్ లోడు ఎంతుందో చూడండి. పాత కనెక్షన్లలో ఒకటి, రెండు కిలోవాట్లే ఉంటుంది. స్కూటరుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. కారుకు మాత్రం లోడు పెంచమని డిస్కంకు దరఖాస్తు పెట్టుకోండి, కిలోవాటుకు ఇంత అని డబ్బు కట్టాలి. "ఎవరు చూస్తారులే" అని పెట్టకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లు పెట్టకపోతే ఆ వీధిలో అంత లోడు ఉన్నట్టు డిస్కం కాగితాల్లో కనబడదు, కనబడకపోతే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు రాదు.

అపార్టుమెంటులో ఉంటే ఒక్కొక్కరు విడిగా వైరు లాక్కోవడం వద్దు. సెల్లార్లో మూడో కారు వచ్చేసరికి గొడవ మొదలవుతుంది: ఎవరి వైరు ఎవరి పార్కింగ్ మీదుగా పోతోంది, కామన్ మీటరులో ఎవరు పెడుతున్నారు, లిఫ్టుకు ఎందుకు వోల్టేజి పడిపోతోంది అని. మొదటి కారు వచ్చినప్పుడే అసోసియేషన్ పేరున ఒక కనెక్షన్ తీసుకుని, పార్కింగ్ పొడవునా వైర్లన్నీ పోయే ఒకే ట్రే వేసి, ఒక్కో స్లాటుకు సబ్ మీటరు పెట్టుకుంటే ఖర్చు కూడా తక్కువ. చార్జర్లు ఒకదాని తర్వాత ఒకటి నడిచేలా లోడు పంచే పెట్టెలు దొరుకుతున్నాయి. అవి పెడితే పది కార్లున్నా రెండు కార్ల లోడుతో తెల్లారేసరికి అందరివీ నిండుతాయి.